అయిదోరోజున మాయమైన సగం

చంటి రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయినవాడు, తెల్లారి ఎనిమిదైనా గది తలుపు తియ్యలేదు.

తలుపు ఇవతల అతని అన్నయ్య టీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తట్టాలా వద్దా అన్నది తేల్చుకోలేక టీ కాస్తా చల్లార్చేశాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ అంతస్తుల మధ్య ఎవరు ఇరుక్కున్నా క్షణాల్లో బయటికి లాగుతాడు గాని, సొంతింట్లో తమ్ముడికీ భార్యకీ మధ్య తను ఇరుక్కుంటే మాత్రం ఏ మీట నొక్కాలో తెలియదు.

"అక్కడ పెట్టేసి రండి," అంది భార్య భోజనాల బల్ల దగ్గర్నుంచి. "ఆకలేస్తే తనే వస్తాడు."

"నువ్వు ఆ మాట రాత్రి అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట? గిన్నెలోంచి సగం కణాలు ఎవరో తీశారన్నాను. ఎవరో అన్నాను. మీ తమ్ముడి పేరు ఎత్తానా?"

ఎత్తలేదు. అదే వచ్చిన చిక్కు. గుమ్మడికాయల దొంగ అనగానే చంటి తన భుజాలు తనే తడుముకున్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని, ఈ ఇంట్లో మాత్రం లెక్క పట్టేసింది.

ఈ ఇంటి పెద్దకోడలికి 'లెక్కలకోడలు' అని పేరు పెట్టింది అత్తగారే. కాపురానికొచ్చిన మొదటి వారంలో, ఈ పిల్ల చేసే ఉద్యోగం కణాల జనాభా ఎంత వేగంగా పెరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో ముందుగా లెక్కగట్టడమని తెలిసి, "మనుషుల లెక్క అయిపోయిందా అమ్మాయ్, కణాల మీద పడ్డారు?" అని పకపకా నవ్వారు. అప్పటికి ఆవిడకు రెండు కళ్ళూ బాగానే ఉండేవి.

ఇప్పుడు కుడికన్ను మీద ప్లాస్టిక్ మూత ఉంది. మూడు నెలల కిందట మురుగుగొట్టంలో పోసే మందు చిందింది. కంటి పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే కణాలు కాలిపోయాయి. ఆవిడ దర్జీ. ఒంటికన్నుతో సూదిలోకి దారం ఎక్కించబోతే దారం సూది పక్కనుంచి పోతోంది. ఆవిడకు అంత కోపం తెప్పించింది ఈ లోకంలో మరొకటి లేదు.

పది రోజుల కిందట ఎడమకంటి అంచు నుంచి నువ్వుగింజంత ముక్క తీశారు. కోడలు లెక్కలు కట్టే, చంటి కణాలు పెంచే సంస్థలోనే, నలభై ఒకటో నంబరు గిన్నెలో దాన్ని పెంచుతున్నారు. పొరగా పెరిగాక కుడికంట్లో అతికిస్తారు. రెండోసారి ముక్క తీస్తే ఉన్న కన్నుకే ఎసరు. కాబట్టి ఉన్నది ఒక్క గిన్నె, ఒక్క అవకాశం. వచ్చే గురువారం, పద్నాలుగోరోజున ఆపరేషన్ అని సర్జన్ రాసేసింది.

తలుపు తెరుచుకుంది. చంటి వచ్చాడు, నిద్రలేని కళ్ళతో, నలిగిన చొక్కాతో. బల్లమీద కంప్యూటర్ చూడగానే అతని మొహం ముడుచుకుంది.

"ఆదివారం కూడానా వదినా? మూసెయ్ దాన్ని."

"కణాలను ఆదివారం సెలవు తీసుకోమని చెప్పు, మూసేస్తాను."

"గిన్నెల పనిపుస్తకంలో రాసుంది కదా. మంగళవారం కెమెరా అద్దం మసకేసింది, తుడిచాం. తుడిచాక సంఖ్య మారింది. దానికింత రాద్ధాంతం దేనికి?"

"తుడవడానికి నలభై నిమిషాలా?"

అన్నయ్య చల్లారిన టీని తనే తాగేశాడు.

లెక్కలకోడలు కంప్యూటర్‌ను అతనివైపు తిప్పింది. తెర మీద ఒక నీలం గీత, దాని మీద నల్లచుక్కలు. గీత ఆమె సమీకరణం చెప్పిన సంఖ్య. చుక్కలు గిన్నె మీది కెమెరా గంటగంటకూ లెక్కపెట్టిన సంఖ్య. నాలుగురోజుల పాటు చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. అయిదోరోజు పొద్దున ఒక ఖాళీ. ఆ ఖాళీ తర్వాత చుక్కలు సరిగ్గా సగానికి పడిపోయాయి.

"కెమెరాదే తప్పు," అన్నాడు చంటి.

"సరే, కెమెరాదే అనుకుందాం. సగం కణాలే దానికి కనబడ్డాయి. కానీ గిన్నెలో నిజంగా ఉన్నవి తగ్గలేదు కదా? ఇరుకు ఇరుకులాగే ఉంది కదా?"

"అవును."

"ఇరుకులో కణాలు నిదానంగా చీలతాయి. పక్కన చోటుంటే గబగబా చీలతాయి. ఇది నువ్వే నాకు నేర్పావు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఇప్పుడు అయిదోరోజు తర్వాత చుక్కలు ఎలా లేచాయో చూడు. చోటు దొరికిన కణాలు తప్ప ఇలా పరుగెత్తవు. కెమెరా చేత అబద్ధం చెప్పించొచ్చు నాయనా. వేగం చేత చెప్పించలేం."

చంటి తెరకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తెలిసిన పనివాడు కాబట్టి, వాదించడానికి అక్కడేమీ మిగల్లేదని అతనికి తెలిసిపోయింది.

లెక్కలకోడలికి ఆ క్షణంలో గెలిచానన్న సంతోషం కలగలేదు. ఈ ఇంట్లో ఆమెకు మొదటి స్నేహితుడు ఈ మరిదే. అతన్నే ఇలా గోడకు నిలబెట్టాల్సి వచ్చింది. అయినా తన లెక్క సరైందన్న విషయంలో మాత్రం ఆమెకు ఆవగింజంత అనుమానం లేదు.

"గుర్తుందా వదినా," అన్నాడు చంటి కుర్చీలో కూలబడి, "పోయినేడు వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. గిన్నెలు దాచే వెచ్చని పెట్టెలోకి గాలి పంపే సిలిండర్ అయిపోయింది, ఎవరూ చూసుకోలేదు. మన దగ్గర పెరుగుతున్న లైబ్రరీ ఆవిడ కంటికణాలు మొత్తం పోయాయి. ఆవిడకు ఫోన్ చేసి చెప్పింది నేను."

"గుర్తుంది."

"ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. 'పోనీలే బాబూ, మీరు మాత్రం ఏం చేస్తారు' అంది. అమ్మకు అలా చెప్పాల్సొస్తే నేను బతకలేను. అందుకని సగం తీసి, పక్కగది పెట్టెలో వేరే గిన్నెలో పెట్టాను. ఇది పోయినా అదుంటుందని."

అన్నయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అయితే మంచిదేగా! రెండు గిన్నెలున్నాయన్నమాట."

"లేవు," అన్నాడు చంటి. "దానికి ఏడోరోజున బూజు పట్టింది. పారేశాను."

కిందివీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ కాక తన్నుతున్నారు. అది మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆ సంస్థలో సొంతమనిషి కణాలున్న గిన్నెను ఎవరూ ముట్టుకోకూడదు. అదొక కట్టుబాటు. ప్రేమ ఉన్న చెయ్యి వణుకుతుంది, లేదా అతిగా చేస్తుంది అని దాని అర్థం. లెక్కలు కట్టడానికి మాత్రం ఆ కట్టుబాటు లేదు. అంకెలకు చుట్టరికం అంటదని పెద్దల నమ్మకం. కోడలు అత్తగారి కణాల లెక్క కట్టొచ్చు, కొడుకు తల్లి గిన్నె మూత తియ్యకూడదు. చంటి తీశాడు, పైగా పుస్తకంలో అద్దం తుడిచామని రాశాడు.

"అయినా కొంపలేం మునగలేదు," అన్నాడతను, కాస్త గొంతు కూడదీసుకుని. "గిన్నె మళ్ళీ నిండుతోంది. నిన్న చూశాను. గురువారానికి చిల్లు లేకుండా నిండిపోతుంది."

"నిండుతుంది," అంది వదిన. "నా భయం అదే."

"నిండితే భయమేంటి?" అన్నాడు అన్నయ్య.

"వినండి. గిన్నెలో రెండు రకాల కణాలున్నాయి. మూలకణాలు కొన్నే ఉంటాయి. అవి చీలినా తమలాంటి దాన్ని ఒకదాన్ని మిగల్చగలవు. తక్కినవి పనికణాలు. అవి నాలుగైదుసార్లు చీలి ఆగిపోతాయి. కంట్లో పెట్టాక ఏళ్ళ తరబడి పొరను నిలబెట్టేది మూలకణాలే. సగం తీసేసరికి ఆ ఖాళీ పూడ్చడానికి గిన్నెంతా ఆదరాబాదరాగా చీలుతోంది. ఆ తొందరలో మూలకణాలు కూడా పనికణాలుగా మారిపోతున్నాయి."

"అయితే?"

"నూటికి కనీసం మూడు మూలకణాలుంటేనే పొర నిలబడుతుంది. గిన్నె జోలికి ఎవరూ వెళ్ళకపోతే గురువారానికి నాలుగుండేవి. ఇప్పుడు రేపటికి మూడున్నర. గురువారానికి ఒకటిన్నర. చూడ్డానికి పొర అద్దంలా ఉంటుంది. అతికించిన ఏడాదికల్లా మళ్ళీ మసకేస్తుంది. అప్పుడు తియ్యడానికి ఇంకో ముక్క ఉండదు."

"రేపు పెడితే?" అన్నాడు చంటి. "సగం చిల్లులే ఉంటాయి వదినా!"

"మూలకణాలుంటే ఆ చిల్లులు కంట్లోనే పూడతాయి. రేపే పెట్టాలి."

"నాకు చెప్పకుండా నా కంటికి ముహూర్తాలు పెడుతున్నారా?"

అత్తగారు వాకిలి గుమ్మంలో నిలబడి ఉన్నారు. మెడలో కొలతల టేపు, చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో ఎవరికీ తెలియదు. మొహం చూస్తే మాత్రం అంతా విన్నారని తెలుస్తోంది.

చంటి లేచి నిలబడ్డాడు. "అమ్మా..."

"నా కణాలు దొంగతనం చేశావట్రా?"

"దొంగతనం కాదమ్మా. దాచాను."

"దాచడమంటే చెప్పి దాచడం. చెప్పకపోతే దాన్ని దొంగతనమనే అంటారు." ఆవిడ కుర్చీ తడిమి చూసుకుని కూర్చున్నారు. ఒంటికన్నుతో కుర్చీ ఎంత దూరంలో ఉందో అందదు. ఆ తడుముకోవడం చూసి చంటి తల తిప్పుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు చెప్పు. నీ లెక్క మీద నీకు నమ్మకమేనా?"

"నమ్మకమే అత్తయ్యా. ఇప్పటిదాకా ఇరవై ఆరు గిన్నెలకు కట్టాను. ఇరవై నాలుగింటికి సరిపోయింది."

"తక్కిన రెండు?"

"ఒకదాంట్లో తప్పు నాది. రెండోది ఎందుకు తప్పిందో ఇంకా తెలీదు."

అత్తగారు తలాడించారు. "ఇరవై ఆరూ సరిపోయాయంటే నమ్మేదాన్ని కాదు. నలభై ఏళ్ళుగా కత్తెర పట్టాను, నాకూ కొన్ని చొక్కాలు ఎందుకు బిగుసుకున్నాయో ఇప్పటికీ తెలీదు. అయితే రేపే. ఆ సర్జనమ్మకు ఫోన్ చెయ్యి."

"ఆగు వదినా," అన్నాడు చంటి. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కారణం అడుగుతుంది. నిన్నటిదాకా గురువారమని చెప్పినదానివి, ఇవాళ రేపంటే ఎందుకని అడుగుతుంది. లెక్కలో పొరపాటు జరిగిందని చెప్పు. నీకేం పోదు. నాకు ఉద్యోగం పోతుంది. ఇంకెక్కడా ఎవరూ గిన్నె ముట్టుకోనివ్వరు."

లెక్కలకోడలు ఒక్క నిమిషం ఆలోచించింది. మరిది కోసం ఒక తప్పు తన నెత్తిన వేసుకోవడానికి ఆమెకు అభ్యంతరమేమీ లేదు. ఇంతకుముందు అంతకంటే పెద్దవే వేసుకుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నాకేం పోదు, నిజమే," అంది. "అత్తయ్య కన్ను పోతుంది. నా లెక్క తప్పిందని నేనే చెప్పాక, ఆ లెక్కనే నమ్మి ఏ సర్జన్ అయినా మూడు రోజులు ముందుకు జరుపుతుందా? చిల్లుల పొర ఎత్తి పెడుతుందా? తప్పిన లెక్క ఎందుకని గురువారమే చేస్తుంది. అయిదోరోజు సగం తీశారన్న మాట ఒక్కటే ఈ మూడున్నరను నిలబెట్టేది. ఆ మాట నేను చెబితే నా ఊహ అవుతుంది. నువ్వు చెబితేనే నిజం."

చంటి తల్లివైపు చూశాడు. ఆవిడ చొక్కా చేతిని ఒళ్ళో పెట్టుకుని మడతలు సవరిస్తున్నారు. చెప్పమని అనలేదు, వద్దనీ అనలేదు. తల్లి తిట్టని తిట్టు అన్నిటికంటే గట్టిగా తగిలింది కాబోలు, అతను అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు.

"నేనే చేస్తాను," అన్నాడు.

సర్జన్ రెండో మోతకే ఎత్తింది. ఫోను బల్ల మధ్యలో పెట్టి అందరికీ వినబడేలా చేశాడు. నత్తి రాని మనిషికి ఆ రోజు నత్తి వచ్చింది. అయినా చెప్పాడు. అద్దం తుడవలేదని చెప్పాడు. నలభై నిమిషాలు ఏం చేశాడో చెప్పాడు. బూజు సంగతీ చెప్పాడు. చివర్న, "మా వదిన లెక్క ప్రకారం రేపే సరైన రోజు డాక్టర్‌గారూ. వదిన లెక్కను నేను నమ్ముతున్నాను," అన్నాడు.

ఆ చివరిమాటకు లెక్కలకోడలి కళ్ళు చెమర్చాయి. గబుక్కున తెరకేసి తిరిగింది.



"రేపటికి నూటికి ఎన్ని మూలకణాలుంటాయి?" అని అడిగింది సర్జన్.

"మూడున్నర," అంది లెక్కలకోడలు. "పొద్దున ఏడింటికి. సాయంత్రానికి మూడు. ఆ తర్వాత నేను పూచీపడను."

"ఆ ఫోటోలు, లెక్క మొత్తం నాకు పంపండి. సరిగ్గా ఉంటే రేపు ఏడింటికే గది తీసుకుంటాను." సర్జన్ గొంతులో కోపం లేదు, పని ఉంది. "మీ ఉద్యోగం సంగతి నేను తేల్చేది కాదు బాబూ. అది తేల్చేవాళ్ళకు ఈ పూటే చెప్పండి."

"చెబుతానండీ."

అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. అత్తగారు కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. ఒక్కసారికే అందింది ఆ భుజం, తడుముకోనక్కర్లేకుండా.

"ఇంకొక్క మాట," అంది సర్జన్. "ఆ మంగళవారం మీరు ఈ గిన్నె మూత తీసినప్పుడు, ఆ బల్ల మీద ఇంకెవరి గిన్నె అయినా తెరిచి ఉందా?"

చంటి భుజం తల్లి చేతికింద బిగుసుకుంది.

"నీళ్ళు నమలకు," అన్నారు అత్తగారు మెల్లిగా. "చెప్పు."

"ఉంది. పదిహేడో నంబరు. దానికి ఆహారం మార్చే పని నాదే. అది చేస్తున్నట్టు కనబడుతూ ఇది చేశాను. లేకపోతే ఆ పొద్దుటిపూట అక్కడ నాకేం పనని అడుగుతారు."

"ఇద్దరి గిన్నెలూ ఒక్కసారే. కణాలు పీల్చే గాజుగొట్టం మార్చారా?"

"మార్చాను." ఆగాడు. "మార్చాననే అనుకుంటున్నాను."

లెక్కలకోడలి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆమె సమీకరణంలో ఉన్నది ఒక్క మనిషి కణాలు. ఇద్దరివి కలిసే వీలుందని ఏనాడూ ఆ కాగితంలో రాయలేదు. రాయాల్సిన అవసరం రాకూడదనే ఆ కట్టుబాట్లన్నీ.

"ఫోటోల్లో చూడగలను," అంది వెంటనే. "ఇద్దరివి కలిస్తే రెండు వేగాలు కనబడాలి. రెండు గంటలు ఇవ్వండి."

"చూడండి. కానీ నాకు లెక్కతో పాటు పరీక్ష కూడా కావాలి. అమ్మగారి చెంప లోపలి నుంచి దూదితో కాస్త తియ్యాలి. రెండు గిన్నెల కణాలతో పోల్చాలి. పదిహేడో గిన్నె పొర అంచుముక్క ఎలాగూ దాచి ఉంచుతాం. రేపు మధ్యాహ్నానికి తేలుతుంది. ఒకరి కణాలు ఇంకొకరి కంట్లో పడితే ఒళ్ళు ఊరుకోదు, కన్నంతా ఎర్రబారి మొదటికే మోసమొస్తుంది."

"పదిహేడు ఎవరిదండీ?" అన్నాడు అన్నయ్య, ఆ పొద్దున మొదటిసారి ఫోనులోకి.

"బేకరీ నడిపే ఆయనది," అంది సర్జన్. "నిన్న పొద్దున్నే ఆయన కంట్లో అతికించేశాను."

అన్నయ్య లేచి, గోడకున్న బండి తాళాలు అందుకున్నాడు.

అత్తగారు చొక్కా చెయ్యి బల్ల మీద పెట్టి, ఫోను దగ్గరికి వంగారు.

"డాక్టరమ్మా, నేను ఇప్పుడే బయల్దేరుతున్నాను. నా కన్ను రేపు సాయంత్రం దాకా ఆగుతుందని మా కోడలు లెక్క చెప్పింది. ఆయన కంట్లో ఉన్నది ఆయనో, నేనో, ముందు అది తేల్చండి."